రంగు పోయిన నీళ్లు

8 ఫిబ్రవరి 2009, ఆదివారం

నల్లబడింది.

తంగేడాకు ఉడికించి వడగట్టి, అందులో అన్నభేది కరిగించిన నీళ్లు పోశాను. పోయడం, నల్లబడడం ఒకటే. పొయ్యి దగ్గరున్న వదిన సుంకులమ్మ తొంగిచూసి, "ఏమ్మే, కాటుక చేస్తాండావా?" అంది.

"కాటుక కాదు వదినా, ఇనుము."

"ఆకుల్లో ఇనుమా! కాలేజీలో పిల్లోల్లకు ఇట్లాంటివే చెప్తాండావా? ఇంగ వాళ్లు పాసైనట్లే."

ఇనుము ఆకులో లేదు, అన్నభేదిలో ఉంది. ఆకులోని వగరు దాన్ని కంటికి కనపడనంత సన్నటి నలుసులుగా చేసి, అవి ఒకదానికొకటి అతుక్కోకుండా పట్టి ఉంచుతుంది. నానో కణాలు. విదేశాల్లో తేయాకుతో చేశారని కర్నూలులో మా రాఘవేంద్రప్రసాద్ సార్ ఒక పేపరు ఇచ్చి చదవమన్నారు. తేయాకుతో అయ్యేది తంగేడుతో ఎందుకు కాదు? ఈ సీమలో తోళ్లు నానబెట్టింది తంగేడు చెక్కతోనే. దాని వగరు ముందు తేయాకు ఎంత?

చేతులు ఇంకా నల్లగానే ఉన్నాయి. సబ్బుకు పోలేదు. పోకపోతే పోనీ.

అన్నకు చెప్పలేదు. వాళ్ల అద్దకం షెడ్డు రంగు నీళ్ల మీద పని చేస్తేనే చెబుతాను.

10 ఫిబ్రవరి

సార్‌కు ఫోన్ చేశాను. "నలుపు చూసి మురిసిపోకు మహాదేవీ. ఇనుముకు వగరు తగిలితే సిరా కూడా అవుతుంది. నువ్వు చేసింది కణాలో సిరానో తేలాలి" అన్నారు. సీసాలో కొంచెం పంపితే హైదరాబాదులో పెద్ద మైక్రోస్కోపు కింద పెట్టిస్తారట.

సిరా కాదు. నాకు తెలుసు.

15 ఫిబ్రవరి, ఆదివారం

పని చేసింది! పని చేసింది!

వరసగా రాయాలి.

పొద్దున్నే అన్న ఉమామహేశ్ అద్దకం షెడ్డుకు పోయాను. తొట్టిలో నూలు ముంచి తీశాక మిగిలిన నీళ్లు కాలవలోకి వదులుతున్నారు. ఇవాళ ఊదారంగు. కాలవ షెడ్డు వెనక నుంచి గోపన్న మామ చేను గట్టు పక్కగా వంకలోకి పోతుంది. ఈ నీళ్లు ఇంకి ఇంకి గోపన్న మామ బావి గులాబీరంగుకు తిరిగిందనే గదా ఇంత గొడవ. ఆయన కాలుష్యం ఆఫీసుకు పోయి చెప్పుకున్నాడు. మార్చి ఆఖరున వాళ్లు వస్తారు. ఆ రోజు కాలవలో రంగు కనపడితే షెడ్డుకు సీలు. షెడ్డుకు సీలు పడితే అన్నకు వేరే పని చేతకాదు.

అందుకని ఊదారంగు నీళ్లు బాటిల్లో పట్టుకున్నాను. నా నల్లటి ద్రావణం కొంచెం వేశాను. నూలు తెల్లబరచడానికి షెడ్డులో పెట్టుకున్న పెరాక్సైడ్ కొంచెం పోశాను. కలిపి గట్టు మీద పెట్టి కూర్చున్నాను. ఊదా నుంచి వంగపూవు రంగు. ఆ తర్వాత లేత గులాబి. ఆ తర్వాత గడ్డి నీళ్ల రంగు. ఆ తర్వాత బాటిల్లోంచి అవతలి చింతచెట్టు ఆకు ఆకూ కనిపించింది.

ఉట్టి ఆకుతో రంగు విరగలేదు. ఉట్టి పెరాక్సైడ్‌తో విరగలేదు. ఉట్టి అన్నభేదీ పెరాక్సైడ్ కలిపితే విరిగింది గానీ అడుగున ఎర్రటి తుప్పు బురద. నా కణాలు అట్లా కాదు. తేరుకుని అడుగుకు దిగాయి, గుడ్డలో వడగట్టి మళ్లీ వేస్తే మళ్లీ పని చేశాయి.

సార్ ఇచ్చిన మీటరు కూడా ముంచాను. ఉప్పు ఎక్కువగానే చూపించింది. నూలు రంగు పట్టాలంటే తొట్టిలో రాళ్లుప్పు బస్తాలకు బస్తాలు పోస్తారు, ఎందుకు చూపించదు? ఉప్పు నా సబ్జెక్టు కాదు. నా సబ్జెక్టు రంగు.

22 ఫిబ్రవరి, ఆదివారం

అన్న ముందర చేసి చూపించాను. నమ్మలేదు.

"బాటిల్ మార్చినావు."

"నీ కళ్లముందరే కదన్నా కలిపింది."

"సంతలో మంత్రగాడు కూడా కళ్లముందరే చేస్తాడు."

తనే కాలవలోంచి చెంబుతో పట్టుకొచ్చాడు. ఈసారి నల్లటి నీళ్లు, కావాలనే. నన్ను దూరంగా నిలబెట్టి తనే కలిపాడు. నలుపు కదా, ఆలస్యమైంది. చెంబు చుట్టూ తిరిగాడు, పోయి టీ తాగొచ్చాడు, మళ్లీ తిరిగాడు. అడుగు కనిపించేసరికి చెంబు ఎత్తి వెలుగుకు పట్టి చూశాడు. ఆ తర్వాత వదినను పిలిచిన కేక ఊరంతా వినపడి ఉంటుంది.

"సుంకులూ! ఇట్లరా! మన షెడ్డు నిలబడతాది!"

వదిన వచ్చి చూసి, "చెంబు కడిగినాడు, అంతేనా?" అంది.

1 మార్చి, ఆదివారం

డ్రమ్ములో కూడా అయింది.

3 మార్చి

కాలేజీలో పాఠం చెబుతుంటే ఒక పిల్ల లేచి, "మేడమ్, మీ చేతులు ఎందుకు నల్లగా ఉండాయి?" అని అడిగింది. క్లాసంతా నవ్వారు. నేనూ నవ్వాను. పాఠం ఆపి తంగేడు గురించి చెప్పాను. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

8 మార్చి, ఆదివారం

ఇవాళ తొట్టి. పూర్తి తొట్టి.

వదినా నేనూ గుట్ట వాలు మీద తంగేడాకంతా దూసి అండాలో ఉడికించాం. అన్న పెద్ద వెదురు కర్రతో కలిపాడు. పక్క షెడ్ల వాళ్లు పని వదిలేసి వచ్చారు. దావీదురాజు అనే ఆయన, "ఏమప్పా ఉమామహేశ్, ఏం వండుతాండావు, సంగటా?" అన్నాడు. రంగు విరిగేసరికి ఆయనే తలగుడ్డ తీసి గాల్లోకి విసిరాడు, అది తొట్టిలో పడింది. అది కూడా తెల్లగా వస్తుందని అందరూ నవ్వారు.

తేరిన నీళ్లు కాలవలోకి వదిలాం. ఈ కాలవలో అడుగున ఇసక కనపడడం నేను పుట్టాక ఇదే మొదటిసారి చూడడం.

గోపన్న మామ గట్టు మీద నిలబడి చూశాడు. అన్నకూ ఆయనకూ ఏడాదిగా మాటల్లేవు. దిగి వచ్చి నీళ్లు దోసిట్లో పట్టుకున్నాడు.

"ఎవురు చేసినారు?"

"నేనే మామా."

"రవ్వంత పిల్లప్పుడు నా చేన్లో దోసకాయలు దొంగిలించిన మహాదేవేనా?"

"ఆ మహాదేవే."

"మంచిదమ్మా. శానా మంచిది." అన్న వైపు తిరిగి, "ఏమప్పా, నీళ్లిట్ల పంపితే నేనెందుకు పోతాను ఆఫీసులెంబడి?" అన్నాడు. అన్న బీడీ తీసి ఇచ్చాడు. ఆయన తీసుకున్నాడు.

11 మార్చి

నేనుండే కాలేజీ ఊరికి వదిన ఫోన్ చేసింది. అన్న రోజూ అవే కణాలు వడగట్టి వేసి నీళ్లు తేరుస్తున్నాడట. గోపన్న మామ గట్టు కోసి కాలవ నీళ్లు తన ఉల్లిమళ్లకు మడవ తిప్పుకున్నాడట. బావి అడుగంటింది ఆయనకు. "తెల్లటి నీళ్లు వంకలో కలిసిపోతాంటే చూస్తా ఊరుకోడానికి ఇదేమన్న కోనసీమనా" అన్నాడట.

ఫిర్యాదు చేసిన మనిషే మన నీళ్లు మళ్లకు కట్టుకున్నాడు. ఇంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి?

ఆయన రైతు. ఏ నీళ్లు కట్టాలో ఆయనకు తెలియదా ఏమిటి.

14 మార్చి, శనివారం

కర్నూలు పోయాను. ఫోటో వచ్చింది.

గుండ్రటివి. ఆవాలు చల్లినట్టు, విడివిడిగా. సిరా కాదు, కణాలే! సార్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "తంగేడుతో ఇంతవరకూ ఎవరైనా చేశారేమో వెతుకుదాం. లేకపోతే వెంటనే రాసి పంపాలి" అన్నారు. ఆయన అట్లా కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంకేదో కూడా అడిగారు. నీళ్ల గురించి. తర్వాత చెబుతానన్నాను.

బస్సులో ఫోటో ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను. పక్కన కూర్చున్న ముసలమ్మ, "ఏమి పాపా అది, కడుపులో బిడ్డనా?" అని అడిగింది. అవునన్నాను.

18 మార్చి

ఫోటో ఇంకొకసారి చూసి పడుకుంటాను.

22 మార్చి, ఆదివారం

ఉల్లిమళ్లలో ఆకు కొనలు పండుబారాయి. కాలవ వైపు రెండు మళ్లలో. ఎండ ఎక్కువగా ఉంది ఈ ఏడు. మార్చిలోనే ఇట్లా ఉంది.

గోపన్న మామ కూడా ఎండకే అన్నాడు. అందుకని ఇంకో తడి ఎక్కువ కడుతున్నాడట.

24 మార్చి

ఎండకే.

25 మార్చి

ఎండకే అయితే పక్క చేను రైతు ఏసేపు మళ్లలో కూడా మాడాలి. ఆయనవి బోరు నీళ్లు. ఆదివారం చూశాను, అక్కడ పచ్చగా ఉంది.

27 మార్చి, ఉగాది

పచ్చడి చేతిలో పెట్టుకుని అన్నకు చెప్పాను. ఆ నీళ్లలో ఉప్పు అట్లానే ఉందని, నా కణాలు రంగును విరుస్తాయి గానీ ఉప్పును ఏమీ చేయలేవని, ఉల్లి ఉప్పుకు తట్టుకోదని.

అన్న తినడం ఆపాడు. "నీకెప్పుడు తెలుసు?"

"మీటరు పెట్టినప్పుడు."

"సోమవారం ఆఫీసోళ్లు వస్తాండారు. వాళ్లు చూసేది రంగు. వాళ్లు వచ్చి పోయేదాకా గమ్మునుండు. ఆ తర్వాత నువ్వే పోయి మడవ కట్టేయి, నేను వద్దనను."

"ఆ లోపల ఇంకో తడి కడతాడన్నా."

"రెండు మళ్లు పోతాయి. నువ్వు చెప్తే ఈడ షెడ్డు పోతాది. ఏది పెద్దదో నువ్వే చెప్పు, సదువుకున్నదానివి."

వదిన, "పండగ పూట ఇద్దరూ మూతులు ముడుచుకున్నారు, పచ్చడిలో యాప్పూత ఎక్కువైందా?" అంది.

అన్న చెప్పింది తప్పు కాదు. మూడు రోజులే కదా.

28 మార్చి, శనివారం

పొద్దున షెడ్డు నుంచి నీళ్లు వదిలిన చప్పుడు విన్నాను. చెప్పులు వేసుకోకుండానే పోయాను.

గోపన్న మామ పార పట్టుకుని మడవ దగ్గర ఉన్నాడు. నేను కాలవలోకి దిగి చేతులతోనే మట్టి తోసి మడవ మూసేశాను. నీళ్లు వంక వైపు మళ్లాయి.

"ఏమ్మే, పిచ్చి పట్టిందా? మళ్లు ఎండుతాంటే మడవ కడతాండావు?"

"ఎండి కాదు మామా. ఈ నీళ్లలో ఉప్పుండాది. ఈ నీళ్లకే మాడుతాండాయి."

"తెల్లగా ఉండాయి కదా!"

"తెల్లగా ఉన్నా ఉప్పే."

కాలవలో చెయ్యి ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉమ్మేశాడు. మళ్ల వైపు తిరిగాడు.

"రంగున్నప్పుడే బాగుండె. రంగు నీళ్లను ఎవుడూ కట్టుకోడు. నేనే గట్టేసుకుని నా మళ్లలోకి రానీకుండా ఆపుకున్నా. నువ్వు రంగు తీసి, నాచేతనే గట్టు కోయించినావు."

మడవ మీద ఇంకో పిడికెడు మట్టి వేసి నొక్కాను.

"పో" అన్నాడు.

30 మార్చి, సోమవారం

కాలేజీకి సెలవు పెట్టాను. ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. పెద్దాయన గాజు సీసాలో కాలవ నీళ్లు పట్టి వెలుగులో చూశాడు. "ఇంత బాగా ఉందేంటయ్యా? మందేదో వేశావా?" అన్నాడు. అన్న నన్ను చూపించాడు. తంగేడు గురించి చెప్పాను. ఆయన నిజంగానే ఆసక్తిగా విన్నాడు, ఫోటో కూడా చూశాడు. నాకు మాటలు ఆగలేదు. ఎంత చెప్పానో, ఎంత వేగంగా చెప్పానో. చెబుతున్నంతసేపూ అన్న మొహం వెలిగిపోతూనే ఉంది.

గోపన్న మామ వచ్చి కొంచెం దూరంగా నిలబడ్డాడు. చేతిలో మాడిన ఉల్లికొన ఒక్కటి కూడా లేదు.

"సార్, ఇందులో ఉప్పుంది. అది నేను తీయలేదు" అన్నాను.

పెద్దాయన సీసా కిందికి దించాడు. మీటరు తెప్పించాడు. చూశాడు. "ఇది మళ్లకు పోతే ఎట్లా?" అన్నాడు.

"పోయింది సార్."

ఆయన మంచివాడే. సీలు వేయలేదు. "ఇక నుంచి చుక్క కూడా బయటికి పోకూడదు. పోకుండా చేసుకోగలిగితే నడుపుకోండి. పోతే సీలే" అని చెప్పి వెళ్లిపోయాడు.

చుక్క పోకుండా అద్దకం ఎట్లా? అన్న తొట్లన్నీ బోర్లించి, షెడ్డుకు తనే తాళం వేశాడు. తాళంచెవి వదిన చేతిలో పెట్టాడు. నా వైపు చూడలేదు.

5 ఏప్రిల్, ఆదివారం

అన్న మాట్లాడలేదు. గోపన్న మామ నేను ఎదురైతే పక్క సందులోకి తిరిగాడు.

ఎలక్షన్ల జీపు మైకుతో ఊరంతా తిరిగింది. మంచినీళ్లు ఇస్తామట.

12 ఏప్రిల్, ఆదివారం

ఉప్పు ఎట్లా తీయాలా అని వారమంతా పుస్తకాలు చదివాను. మరిగించాలి, లేదంటే మిషన్లు పెట్టాలి. మనకయ్యేది కాదు. వదిన బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని అదే చెప్పాను.

వదిన నవ్వింది. "మీ అన్నాచెల్లెళ్ల కత బాగుండాదమ్మా. ఆయన బస్తాలు బస్తాలు ఉప్పు తెచ్చి తొట్లో పోస్తాడు. నువ్వు దాన్ని బయటికి తీయాలని ఏడుస్తావు. నువ్వు తీసినాక ఆయన మళ్లా పోస్తాడు. మీకు వేరే పన్లేదా?"

నేను లేచి నిలబడ్డాను. చేట బోర్లా పడింది.

తీయడం ఎందుకు? ఆ నీళ్లకు కావలసిన చోటు మళ్లు కాదు, తొట్టే! రంగు ఉన్నన్ని రోజులు పాత నీళ్లు కొత్త రంగుకు పనికిరావు. ఊదా నీళ్లలో ఎరుపు ఎట్లా వేస్తాం? కానీ ఇప్పుడు రంగు లేదు. ఉప్పు మాత్రం ఉంది. అద్దకానికి కావలసిందే ఉప్పు. అదే నీళ్లు తొట్లోకి తిప్పితే ఉప్పూ కొత్తది అక్కరలేదు, చుక్కా బయటికి పోదు.

ఉప్పు నా సబ్జెక్టే. మొదటి రోజు నుంచీ నా సబ్జెక్టే.

వదిన తాళంచెవి ఇచ్చింది. బియ్యం మళ్లీ ఏరించిందనుకో.

13 ఏప్రిల్

కాలేజీ ఎగ్గొట్టాను. డ్రమ్ములో దాచిన తెల్ల నీళ్లు తెచ్చి పెరట్లో ఇత్తడి అండాలో పోసి, వదిన తెచ్చిన నూలు లడీ ఒకటి ముంచాం. ఎర్రరంగు వేశాం. ఉప్పు ఒక్క గల్లు కూడా వేయలేదు.

పట్టింది!

ఎరుపు కాలేదు. చింతగింజ రంగు అయింది. నీళ్లలో ఇంకా కొంచెం ఇనుము మిగిలినట్టుంది, అది ఎరుపును చంపేసింది. అయినా పట్టింది. వదిన, నేను దాన్ని చెరొక వైపు పట్టుకుని పిండుతూ పిచ్చివాళ్లలా నవ్వాం.

దండెం మీద ఆరేశాం. కావాలనే, అన్న వచ్చే దారిలో.

14 ఏప్రిల్

అన్న దండెం దగ్గర ఆగాడు. బొటనవేలు నాలుకకు తడి చేసుకుని నూలును గట్టిగా రుద్దాడు. వేలు చూసుకున్నాడు. వేలికి అంటలేదు.

"ఏ తొట్లో వేసినారు?"

వదిన చెప్పింది. నేను తలుపు వెనకాల ఉన్నాను.

"చింతగింజ రంగు చీర ఎవురు కట్టుకుంటారే?"

"నేను కట్టుకుంటా" అంది వదిన.

అన్న లడీని ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. తలుపు వైపు చూసి, కొంచెం గట్టిగా, నాకు వినపడాలని అన్నాడు. "ఎరుపుకు పనికిరాదు. పసుపుకు అసలు రాదు. నలుపుకు ఇనుము మంచిదే. నల్లంచుకు, కాఫీ రంగుకు వస్తాది. ఒక తొట్టి నడుస్తాది."

"రెండు నడుస్తాయన్నా" అన్నాను తలుపు వెనక నుంచే.

"ముందు ఒకటి నడిపియ్యి."

19 ఏప్రిల్, ఆదివారం

పాత కణాలు అయిపోయాయి, తొట్టికి మళ్లీ ఆకు కావాలి. గుట్ట వాలు మీద మేం దూసిన చోట ఇంకా చిగురు రాలేదు. దగ్గరలో పచ్చగా తంగేడు ఉన్నది గోపన్న మామ గట్టు మీదనే.

పోయాను. ఆయన మాడిన రెండు మళ్లలో ఉల్లి పెరుకుతున్నాడు. నిమ్మకాయంత లేవు గడ్డలు. పక్కన కూర్చుని నేనూ పెరికాను. వద్దనలేదు. ఒక సాలు అయ్యాక అడిగాను.

"మామా, నీ గట్టు మీద తంగేడాకు కావల్ల."

"ఎందుకు?"

"నీళ్ల రంగు తీయనీకె."

"తీసి, ఆ నీళ్లు యాడికి పంపుతావు?"

"యాడికీ పంపం. మళ్లా తొట్లోకే పోస్తాం."

"చుక్క కూడా ఈడికి రాదు?"

"రాదు."

"పోయినసారి కూడా మంచి నీళ్లన్నావు."

నేను అనలేదు. ఆయనే అనుకున్నాడు. నేను ఊరుకున్నాను. అది అనడం కంటే తక్కువేమీ కాదు.

"నామాట నమ్మొద్దు మామా. వచ్చి చూసుకో."

ఆయన చేతి మట్టి దులుపుకున్నాడు. పెరికిన గడ్డలు గంపలోకి ఎత్తాడు, నేను సాయం పట్టాను. అప్పుడు గట్టు వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "కొమ్మలు ఇరవొద్దు. ఆకు దూసుకో."

రెండు సంచులు దూసుకున్నాను. ఒకటి నెత్తిన, ఒకటి చంకన. షెడ్డు దగ్గరికి వచ్చేసరికి అన్న తొట్టి కడుగుతున్నాడు, వదిన అండా కింద కట్టెలు పేరుస్తోంది. సంచులు దింపి వెనక్కి తిరిగితే గోపన్న మామ. నా వెనకే వచ్చినట్టున్నాడు. కాలవ బయటికి పోయేచోట తలగుడ్డ పరుచుకుని, చేన్లోంచి తెచ్చిన పార పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

మేమింకా తొట్టి నింపనే లేదు.